మీకు తెలుసా? చెరకుకూ పాత బైకు కార్బొరేటర్‌కూ ఉన్న సంబంధం

నిజాం పాలనలో 1937లో బోధన్ వద్ద శక్కర్‌నగర్‌లో వెలసి, 2015లో మూతపడిన చక్కెర కర్మాగారం వంటి చోట్ల, చెరకు రసం నుంచి చక్కెర తీయగా మిగిలే చిక్కని మడ్డిని మొలాసిస్ అంటారు. దానిని పులియబెట్టి తీసే ఆల్కహాలే నేడు పెట్రోలులో 20 శాతం వరకు కలుస్తున్న ఇథనాల్.

• ఇథనాల్‌కు తేమను పీల్చుకునే గుణం ఉన్నందున, నిజామాబాద్ వీధుల్లో ఇంకా తిరిగే పాత బైకును వానాకాలంలో వారాల తరబడి కదపకుండా ఉంచితే, కార్బొరేటర్‌లో పెట్రోలు నిలిచే ఫ్లోట్ చాంబర్ అడుగున నీరు చేరి, లోహం తుప్పుపట్టి, ఇంధనాన్ని కొలిచి వదిలే సన్నని రంధ్రమైన జెట్ మూసుకుపోవచ్చు.

• ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉన్నందున ఇంజన్‌కు చేరే గాలి–ఇంధన మిశ్రమంలో ఇంధనం పాలు తగ్గినట్లవుతుంది; స్పార్క్ ప్లగ్ కొన తెల్లబారితే ఇంధనం తక్కువైందనీ, నల్లని మసి పడితే ఎక్కువైందనీ, లేత గోధుమ రంగులో ఉంటే సరిగా ఉందనీ గ్రహించాలి.

• యాక్సిలరేటర్ వదిలినప్పుడు సైలెన్సర్ టపటపమంటే, జెట్ మూసుకుపోయిందేమో, అలాగే ఇంజన్‌కూ సైలెన్సర్ గొట్టానికీ నడుమ ఉండే గ్యాస్కెట్ నుంచి గాలి చొరబడుతోందేమో చూడాలి.

• బండిని చాలాకాలం నిలిపేముందు పెట్రోలు కాక్ మూసి, డ్రెయిన్ స్క్రూ విప్పి ఫ్లోట్ చాంబర్‌ను ఖాళీ చేయడం ఖర్చులేని ఉత్తమ రక్షణ.