జెంగ్ గువో కాలువ

చీనాదేశపు ప్రాచీన జలనిర్మాణములలో జెంగ్ గువో కాలువ మిక్కిలి ప్రసిద్ధమైనది. ఇది నేటి షాన్సీ రాష్ట్రమున, షీయాన్ నగరమునకు ఉత్తరముగా నున్న మైదానమున త్రవ్వబడినది. దీని పుట్టుక వెనుక ఒక రాజకీయ కుతంత్రము కలదు.

క్రీ. పూ. 3వ శతాబ్దమున చీనా పెక్కు రాజ్యములుగా చీలి పరస్పరము పోరాడుచుండెను. వానిలో చిన్ రాజ్యము ప్రబలము. దాని పొరుగుననున్న హాన్ రాజ్యము దుర్బలము. చిన్ దండయాత్రను తప్పించుకొనుటకై హాన్ పాలకులొక ఉపాయము పన్నిరి. జెంగ్ గువో అను జలనిపుణుని చిన్ రాజునొద్దకు పంపి, గొప్ప కాలువ నొకదానిని త్రవ్వింపుమని బోధింపజేసిరి. జనబలమును ధనమును ఆ పనికే వ్యయమైనచో చిన్‌కు యుద్ధశక్తి యుండదని వారి తలంపు. క్రీ. పూ. 246లో పని ప్రారంభమయ్యెను.

పని నడుమ గుట్టు బయటపడెను. రాజు జెంగ్ గువోను చంపింపబూనెను. తాను గూఢచారిగా వచ్చిన మాట నిజమేయైనను, కాలువ పూర్తియైనచో మేలు చిన్‌కే కలుగునని అతడు విన్నవించెను. రాజు ఆ మాటలోని సత్యమును గ్రహించి పనిని కొనసాగింపజేసెను. ఈ వృత్తాంతమును చరిత్రకారుడగు సీమా చియెన్ క్రీ. పూ. 100 ప్రాంతమున గ్రంథస్థము చేసెను.

కాలువ జింగ్ నదియొద్ద బయలుదేరి, ఉత్తరపు కొండల పాదముల వెంబడి తూర్పుగా సాగి లువో నదిని చేరెను. పొడవు 300 లీలు, అనగా 120 కిలోమీటర్లకు పైమాటే. మైదానపు ఎగువ అంచున పోవుటచే దిగువ పొలములకు నీరు తనంతట పారెను. జింగ్ నీటిలో ఒండ్రు మెండు. ఆ నీరు చవుడు నేలలలోని ఉప్పును కడిగి, సారవంతమైన మట్టిని పరచెను. 40,000 చింగ్‌ల భూమి సాగులోనికి వచ్చెనని సీమా చియెన్ లెక్క. కరవు తొలగెను, గాదెలు నిండెను, సైన్యమునకు ఆహారము కుదిరెను. క్రీ. పూ. 230లో చిన్ ధాటికి మొదట కూలినది హాన్ రాజ్యమే. క్రీ. పూ. 221 నాటికి మిగిలిన రాజ్యములును లొంగెను. ఆ రాజే చక్రవర్తియగు చిన్ షి హువాంగ్.

అయితే త్రవ్వినంతమాత్రమున కాలువ శాశ్వతము కాదు. నది తన గర్భమును కోసికొని క్రిందికి దిగుటచే, నీరు తీసికొను చోటును ఎగువకు మార్చవలసివచ్చెను. క్రీ. పూ. 95లో బై కాలువ ఏర్పడెను. తరువాతి రాజవంశములును పలుమార్లు పునరుద్ధరణ గావించెను. షాన్సీని కరవు పీడించిన పిమ్మట, లీ యీజీ అను ఇంజనీరు కృషిచే 1932లో జింగ్‌హుయ్ కాలువ పారెను. 2016లో జెంగ్ గువో కాలువ ప్రపంచ నీటిపారుదల వారసత్వ కట్టడముల జాబితాలో చేర్చబడెను.

వంచించుటకు వచ్చినవాని పేరే కాలువకు నిలిచినది. పంపిన రాజ్యము మాసిపోయెను. నీరు పారిన నేల నేటికిని పండుచున్నది.