సందేహమునకు కొలబద్ద

ఒక విద్యార్థి ప్రయోగశాలలో లోలకముతో గురుత్వ త్వరణమును కొలిచినాడనుకొందము. అతనికి వచ్చిన విలువ 9.6. రికార్డు పుస్తకములో అతడు ఆంగ్లమున "గురుత్వ త్వరణము 9.6 అని ఈ ప్రయోగము ప్రూవ్స్", అనగా ఋజువు చేయుచున్నది, అని వ్రాసినాడు. ప్రక్క బల్లమీది విద్యార్థికి 9.9 వచ్చినది. అతడును "ప్రూవ్స్" అనియే వ్రాసినాడు. ఒకే గదిలో, ఒకే గంటలో, ఒకే రాశికి రెండు వేరు వేరు విలువలు ఋజువైపోయినవి! ఇందులో లోలకము చేసిన తప్పేమియు లేదు. తప్పంతయు ఆ క్రియాపదములో నున్నది.

ఉన్నత పాఠశాలలో తెలుగున శాస్త్రములు చదివిన విద్యార్థి కళాశాలలో వాటినే ఆంగ్లములో వ్రాయవలసి వచ్చుచున్నది. 'మే' అనగా 'వచ్చును' అని వ్యాకరణ పాఠములో అతడు నేర్చినాడు. కాని 'మే', 'మైట్', 'లైక్లీ' అను మాటలలో ఏది ఎంత బరువు మోయునో అతనికి చెప్పినవారు అరుదు. ఆ బరువులను తెలిసికొనుట ఆంగ్ల భాషకు సంబంధించిన ముచ్చట మాత్రమే కాదు. అది శాస్త్రములో ఒక భాగము.

మొదట మన భాషనుండి వచ్చు చిక్కును చూతము. "శ్రావణములో వర్షము పడుతుంది" అందుము. "రేపు వర్షము పడుతుంది" అనియు అందుము. రెండింట క్రియారూప మొక్కటే. మొదటిది ఏటేట జరుగు సంగతి, రెండవది రాబోవు దానిని గూర్చిన ఊహ. మాటలాడునపుడు గొంతునుబట్టియు, 'కాబోలు', 'ఏమో' అను చిన్న మాటలనుబట్టియు వినువానికి భేదము తెలియును. ఆంగ్లములో మొదటి వాక్యమునకు వర్తమాన క్రియ చాలును. రెండవదానికి మన విద్యార్థి తడుముకొనకుండ 'విల్' చేర్చును. కాగితముమీద గొంతు వినబడదు. 'విల్' ఒంటరిగా నిలిచినచో చదువరి దానిని ఖాయమైన మాటగానే తీసికొనును.

'వచ్చును' అను మన ప్రత్యయము కూడ ఇట్లే అనేక పనులు చేయును. ఆంగ్లములో 'కెన్' వేరు, 'మే' వేరు. ఇనుప తీగ కొంత బరువునకు తెగగలదు. అది తీగ స్వభావము, అచ్చట 'కెన్' తగును. ఈ తీగ ఈ బరువునకు తెగవచ్చును. అది ప్రస్తుత సందర్భములోని అవకాశము, అచ్చట 'మే' తగును. ఆ అవకాశము మరింత పలుచనిదని సూచింపదలచినపుడు 'మైట్' వాడుదురు. అవకాశము సగమునకు మించినదని తోచినపుడు 'ప్రాబబ్లీ' గాని 'లైక్లీ' గాని వాడుట సామాన్య మర్యాద.

సాక్ష్యమును చెప్పు క్రియలకు కూడ ఇట్టి మెట్లున్నవి. 'ప్రూవ్' అను మాటను గణితమునకు విడుచుట మేలు. ప్రయోగఫలితము బలముగా నున్నచో 'షోస్', కొంత తక్కువగా నున్నచో 'ఇండికేట్స్', దారి చూపుచున్నది గాని ఇంకను చాలదు అన్నచో 'సజెస్ట్స్' అని వ్రాయవలెను. ఫలితము ఒక షరతుపై ఆధారపడినచో 'ఇఫ్' అని ఆ షరతును ముందే చెప్పవలెను.

మాటలను తూచి వాడినంత మాత్రమున పని ముగిసినదా? లేదు. వ్రాసినవాని తూనికరాయియు, చదివినవాని తూనికరాయియు ఒకటి కావలెను గదా! యేల్ విశ్వవిద్యాలయములో చరిత్ర బోధించి, తరువాత అమెరికా ప్రభుత్వ గూఢచార విశ్లేషణ శాఖలో చేరిన షెర్మన్ కెంట్ అను నాతనికి ఈ సంగతి అనుభవపూర్వకముగా తెలిసినది. యుగోస్లావియాపై ఆ సంవత్సరములో దాడి జరుగుట 'సీరియస్ పాసిబిలిటీ' అని 1951లో ఆ శాఖ ఒక నివేదికలో వ్రాసినది. దాని అర్థమేమని ఒక అధికారి అడుగగా, నూటికి 65 పాళ్లు జరుగునని తన భావమని కెంట్ చెప్పినాడు. ఆ అధికారి అంతకన్న చాల తక్కువగా అనుకొనియుండెను. కెంట్ తన సహోద్యోగులను విచారింపగా, ఒకరి లెక్కలో అది నూటికి 20, మరియొకరి లెక్కలో 80. ఆ నివేదికను అంగీకరించినవారే అందులోని రెండు మాటలకు ఇంత దూరపు అర్థములు చెప్పుకొనిరి! ఇట్టి మాటలకు సంఖ్యలను జతపరచవలెనని వాదించుచు అతడు 1964లో ఒక వ్యాసము ప్రకటించినాడు.

శీతోష్ణస్థితి మార్పును గూర్చి నివేదికలు వ్రాయు అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల మండలి ఈ మార్గమునే అనుసరించుచున్నది. వారి నివేదికలలో 'లైక్లీ' అనగా సంభావ్యత నూటికి 66కు తక్కువ కాదు. 'వెరీ లైక్లీ' అనగా 90కి, 'ఎక్స్‌ట్రీమ్‌లీ లైక్లీ' అనగా 95కి తక్కువ కాదు. ఇటీవలి దశాబ్దములలో భూమి వేడెక్కుటకు మానవుల చర్యలే ముఖ్య కారణమను విషయమున వారు 2001లో 'లైక్లీ' అనియు, 2007లో 'వెరీ లైక్లీ' అనియు, 2013లో 'ఎక్స్‌ట్రీమ్‌లీ లైక్లీ' అనియు వ్రాసినారు. 2021లో, మానవ ప్రభావము భూమిని వేడెక్కించినదనుట నిస్సందేహమని వ్రాసినారు. సాక్ష్యము పెరిగినకొలది మాట ఒక్కొక్క మెట్టు ఎక్కినది. మొదటనే పై మెట్టున నిలిచియుండినచో చివరి మాటకు ఆ బలము వచ్చెడిది కాదు.

ఇచ్చట ఒక జాగ్రత్త అవసరము. భారత వాతావరణ శాఖవారి ఆంగ్ల సూచనలలో కూడ 'లైక్లీ' అను పదమునకు సంఖ్య కలదు. అయితే అది నూటికి 25 మొదలు 50 వరకు. 50 మొదలు 75 వరకు 'వెరీ లైక్లీ', ఆపైన 'మోస్ట్ లైక్లీ'. ఒకే మాట, రెండు కొలబద్దలు! కావున ఏ నివేదికను చదివినను, ఆ మాటకు అందులో ఏ అర్థము నిర్ణయించినారో ముందు చూడవలెను.

మాటను విడిచి సంఖ్య మాత్రమే ఇచ్చినచో చాలునా? దానికి అమెరికాలోని గ్రాండ్ ఫోర్క్స్ పట్టణము జవాబు చెప్పును. 1997 వసంతకాలమున మంచు కరగి అచ్చటి రెడ్ నదికి వరద వచ్చు సూచనలు కనబడినవి. నీరు 49 అడుగుల వరకు వచ్చునని వాతావరణ శాఖ అంచనా. ప్రజలు ఆ సంఖ్యను నమ్మి, దానికి కొద్ది అడుగులు పైగా కరకట్టలను సిద్ధపరచుకొనిరి. ఏప్రిల్ నెలలో నది 54 అడుగులు దాటినది. సుమారు 50 వేలమంది గల ఆ పట్టణములో అధిక సంఖ్యాకులు ఇండ్లు విడిచిపోవలసి వచ్చినది. అట్టి అంచనాలలో అనేక అడుగుల తేడాకు అవకాశము కలదని గతానుభవము చెప్పుచునే యున్నది. కాని ప్రజలకు చేరిన 49 అను సంఖ్య ప్రక్కన ఆ తేడా లేదు. అది యుండినచో కట్ట మీద మరికొన్ని ఇసుక బస్తాలు పడియుండెడివేమో! (ఈ 'ఏమో'ను నేను తెలిసియే వాడినాను. జరుగనిదానిని గూర్చి అంతకన్న గట్టిగా చెప్పుటకు నాకు అధికారము లేదు.)

అట్లని ప్రతి వాక్యమునకు సందేహము తగిలించుట వినయము కాదు. "మే పాసిబ్లీ పర్‌హాప్స్" అని మూడు మాటలు పేర్చినవాడు జాగ్రత్త చూపుట లేదు, బాధ్యతనుండి తప్పుకొనుచున్నాడు. సముద్రమట్టపు వాయుపీడనమున నీరు 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగునని చెప్పుటకు 'మే' అక్కరలేదు.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. 'మే', 'లైక్లీ', 'ప్రాబబ్లీ' అను మాటలను నల్లబల్లపై వ్రాసి, ఒక్కొక్కటి నూటికి ఎంతయో ఒకరి కాగితము ఒకరు చూడకుండ వ్రాయుమనవలెను. జవాబులన్నిటిని బల్లపై పరచి చూపినచో, కెంట్ పొందిన ఆశ్చర్యమును విద్యార్థులును పొందుదురు.

ఇక మన లోలకము వద్దకు వత్తము. ఊపుల కాలమును కొలుచుటలో నూటికి ఒక వంతు దోష మున్నదనుకొందము. సూత్రములో కాలమును వర్గము చేయుదుము గనుక త్వరణములో అది రెండు వంతులగును, అనగా సుమారు 0.2. అప్పుడు మొదటి విద్యార్థి వ్రాయవలసినది: కొలిచిన విలువ 9.6, హెచ్చుతగ్గులు 0.2. రెండవవాడు వ్రాయవలసినది: 9.9, హెచ్చుతగ్గులు 0.2. మొదటివాని హద్దులు 9.4 మొదలు 9.8 వరకు, రెండవవానివి 9.7 మొదలు 10.1 వరకు. పుస్తకములలో కనబడు 9.8 ఇద్దరి హద్దులలోను ఇమిడినది. "ప్రూవ్స్" అని వ్రాసినంతకాలము ఒకరినొకరు కాదన్న ఆ యిద్దరును, తమకు తెలియనిది ఎంతయో చెప్పినంతనే ఒకే మాట చెప్పినవారైరి.