గట్టిమంచు మీద స్కీ పట్టు: అపోహలు, వాస్తవాలు

తెలుగులో మంచు అన్న ఒక్క మాట చాలా పనులు చేస్తుంది. పుష్యమాసపు తెల్లవారుజామున నరసరావుపేట నుంచి మాచర్ల పోయే దారిని కమ్మేసే పొగమంచు, గురజాల చేలల్లో మిరపాకుల మీద నిలిచే నీటిబిందువులు, హిమాలయాల మీద దూదిపింజల్లా రాలే తెల్లటి పొడి, కొండవాలు మీద రాత్రంతా బిగుసుకుని తెల్లారేసరికి నాపరాయిలా మారే పొర, అన్నింటికీ మనకు ఆ మాటే దిక్కు. మంచు పడని నేలకు అంతకంటే అవసరం లేకపోయింది. అయితే పల్నాటి నుంచి చదువులకూ ఉద్యోగాలకూ అమెరికా, కెనడాలకు వెళ్లినవారిలో స్కీయింగ్ మొదలుపెట్టేవారికి ఈ రకాల మధ్య తేడా తెలియక తప్పదు; ఎందుకంటే మెత్తటి మంచులో హాయిగా తిప్పుకోగలిగిన స్కీయే గట్టిమంచు మీద పక్కకు జారిపోతుంది, ఆ జారుడుకు కారణాలుగా చెప్పుకొనే మాటల్లో సగానికి సగం అపోహలే.

స్కీ అంటే ముక్కు పైకి వంగిన పొడవాటి, సన్నటి పలక. దాని లోపల సాధారణంగా చెక్క, దాని మీదా కిందా గాజునారతోనో లోహపు రేకుతోనో చేసిన పొరలు, మంచుకు తగిలే అడుగుభాగాన పాలిథిలీన్ అనే గట్టి ప్లాస్టిక్ పొర, ఆ పొరకు రెండు పక్కలా ముక్కు నుంచి తోక దాకా ఉక్కు అంచు ఉంటాయి. ముక్కు దగ్గర, తోక దగ్గర వెడల్పుగానూ, బూటు బిగించే నడుము దగ్గర సన్నగానూ ఉండే ఆ ఆకారాన్ని ఇక్కడ పక్కవంపు అందాం. ఉక్కు అంచు మొదటి నుంచీ లేదు. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌కు చెందిన రుడాల్ఫ్ లెట్నర్ 1926లో దానికి పేటెంటు పొందాడు. అంతకుముందు చెక్క అంచులు గట్టిమంచు మీద అరిగి గుండ్రబడిపోయేవి.

అపోహ: గట్టిమంచు అన్నా ఐసు అన్నా ఒకటే.

అప్పుడే పడిన పొడిమంచు ఘనమీటరుకు సుమారు 50 నుంచి 100 కిలోలు తూగుతుంది, యంత్రంతో తొక్కి చదును చేసిన వాలు 400 నుంచి 550 కిలోలు తూగుతుంది, గాలి బుడగలు లేని అసలు ఐసు 917 కిలోలు తూగుతుంది. చివరి రెండు మెట్ల మధ్య ఉన్నదంతా గట్టిమంచే, కానీ ఒక్కో మెట్టులో అంచు దిగబడే లోతు వేరు. చదును చేసిన మంచు రాత్రి నిలవున్నప్పుడు రేణువులు ఒకదానికొకటి అతుక్కుని మరింత బిగుస్తాయి కాబట్టి ఉదయం తొమ్మిదింటి వాలు, మధ్యాహ్నం రెండింటి వాలు ఒకే వాలు కావు. అమెరికా తూర్పు తీరాన, తెలుగువారు ఎక్కువగా ఉండే న్యూజెర్సీ నుంచి కారులో వెళ్లగలిగిన కొండల మీద, ఈ మాట మరీ నిజం. అక్కడ వాన పడటం, వెంటనే గడ్డకట్టడం మామూలు. పైగా చాలా వాలులు యంత్రాలు చిమ్మిన కృత్రిమ మంచు మీదే ఆధారపడతాయి. కనెక్టికట్ రాష్ట్రంలో 1950లో పుట్టిన ఆ పద్ధతిలో నీటి తుంపర గాలిలోనే గడ్డకడుతుంది కనుక రేణువులకు ఆకాశపు మంచుకుండే కొమ్మలూ రెమ్మలూ ఉండవు, సన్నటి గుండ్రటి గింజలై దట్టంగా పేరుకుంటాయి. ప్రపంచకప్ పోటీల్లోనైతే ముందు దిగినవాడికీ ఆఖరున దిగినవాడికీ దారి ఒకేలా ఉండాలని, చిల్లులున్న గొట్టాలతో మంచు లోపలికి నీటిని ఒత్తిడితో ఎక్కించి కావాలనే గట్టి చేస్తారు.

అపోహ: మనిషి బరువుకు మంచు కరిగి నీరవుతుంది, అందుకే స్కీ జారుతుంది.

ఇది కొన్ని బడి పుస్తకాల్లోకి కూడా ఎక్కిన మాట. ఒత్తిడి పెరిగితే ఐసు కరిగే ఉష్ణోగ్రత తగ్గుతుందన్నది నిజమే, కానీ ఒక వాతావరణపు ఒత్తిడికి తగ్గేది డిగ్రీలో వెయ్యింట ఏడు వంతులు మాత్రమే. 80 కిలోల మనిషి రెండు స్కీల మీద నిలబడితే ఆ బరువు దాదాపు పావు చదరపు మీటరు మీద పరుచుకుంటుంది కాబట్టి పడే ఒత్తిడి వాతావరణపు ఒత్తిడిలో ముప్పయ్యో వంతు. సున్నాకు పది డిగ్రీలు కిందనున్న మంచును కరిగించడానికి అది ఏ మూలకూ చాలదు. కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు బౌడెన్, హ్యూస్ స్విట్జర్లాండులోని యుంగ్‌ఫ్రాయోఖ్ కనుమ దగ్గరి ఐసు గుహలో ప్రయోగాలు చేసి, జారుడు వల్ల పుట్టే రాపిడి వేడే పైపైన సన్నటి నీటిపొరను పుట్టిస్తుందని 1939లో తేల్చారు. వేడిని తొందరగా లాగేసుకునే లోహపు అడుగుకన్నా, లాగని పదార్థంతో చేసిన అడుగు సులువుగా జారడం వారికి దొరికిన బలమైన ఆధారం. ఈనాటి స్కీ అడుగున లోహం కాక ప్లాస్టిక్ ఉండటానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

అపోహ: అంచు కత్తిలా ఉంటే చాలు, స్కీ పట్టుకుంటుంది.

అన్నిటికన్నా లోతుగా చూడవలసింది దీన్నే, ఎందుకంటే ఇందులో సగం నిజముంది. సాగర్ కుడి కాలువ కట్ట మీదికి నిట్టనిలువుగా ఎక్కవలసి వచ్చినప్పుడు రైతు పారతో మెట్లు కొట్టుకుంటాడు. పార పదునుగా ఉంటే మెట్టు తేలిగ్గా తెగుతుంది. కానీ తెగిన మెట్టు అడుగు బయటికి వాలి ఉంటే ఎంత పదునైన పారతో కొట్టినా కాలు జారుతుంది, అడుగు సమంగానో కట్ట లోపలికి కొద్దిగా వాలో ఉంటే కాలు నిలుస్తుంది. గట్టిమంచు మీద స్కీ చేసేదీ ఇదే: అంచు ఒక సన్నటి మెట్టును కోస్తుంది, మనిషి బరువు, మలుపులో పుట్టే తోపుడు కలిసి ఆ మెట్టు అడుగు మీద పడతాయి. ఆ కలిసిన బలం వచ్చే దిక్కుకు మెట్టు అడుగు లంబంగా ఉన్నా, అంతకంటే లోపలికి వాలినా స్కీ నిలుస్తుంది. బయటికి రెండు మూడు డిగ్రీలు వాలినా పక్కకు జారుతుంది. పదును మెట్టును కోయడం వరకే, నిలబెట్టేది కోణం. నేర్పరులు నడుము పైభాగాన్ని బయటి కాలి వైపు ఉంచి, మోకాళ్లను, తుంటిని మాత్రం వాలు లోపలికి వంచడం అందం కోసం కాదు, ఆ రెండు మూడు డిగ్రీలను సంపాదించడం కోసం.

అంచుకు పెట్టే కోణాల లెక్క కూడా ఇక్కడే అర్థమవుతుంది. అంచుకు రెండు ముఖాలుంటాయి. అడుగు వైపు ముఖాన్ని అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ దాకా పైకి లేపి రాస్తారు, పక్క ముఖాన్ని ఒకటి నుంచి మూడు డిగ్రీలు లోపలికి రాస్తారు. పక్క ముఖం ఎంత లోపలికి పోతే అంచు అంత వాడి. అడుగు ముఖాన్ని లేపితే మాత్రం ఆ మేరకు మెట్టు అడుగు బయటికి వాలుతుంది కాబట్టి ఆ ఒక్క డిగ్రీని మనిషి తన మోకాలితో తీర్చుకోవాలి. అనుభవం లేని చేతులు మాటిమాటికీ అడుగు వైపే ఆకురాయి పెట్టి రుద్దడం వల్ల, చూడటానికి మిలమిల మెరుస్తూ కూడా గట్టిమంచు మీద ఏమాత్రం పట్టని స్కీలు ఎన్నో ఉన్నాయి. వాటిని మళ్లీ దారికి తేవాలంటే అడుగు మొత్తాన్ని యంత్రం మీద అరగదీయడం తప్ప మార్గం లేదు.

అపోహ: సన్నటి స్కీ బరువును తక్కువ చోట నొక్కుతుంది, అందుకే ఐసులోకి దిగుతుంది.

సన్నటి స్కీ గట్టిమంచు మీద మెరుగన్నది సరే, చెప్పిన కారణమే తప్పు. గడ్డపార మొన నేలలో దిగినట్టు దిగుతుందని ఊహిస్తారు గానీ, స్కీని పక్కకు వాల్చాక మంచుకు తగిలేది అంచు ఒక్కటే. నడుము 66 మిల్లీమీటర్లున్నా 100 ఉన్నా తగిలే వెడల్పు ఒకటే. తేడా బూటు కింద ఉంది. కాలి మధ్యరేఖ నుంచి అంచు 66 మిల్లీమీటర్ల స్కీకి 33, 100 మిల్లీమీటర్ల స్కీకి 50 మిల్లీమీటర్ల దూరాన ఉంటుంది. ఆధారం అంచు దగ్గర, బరువు మధ్యన కనుక, పలకను తిరిగి పడుకోబెట్టాలని చూసే మెలి ఒకటి చీలమండ మీద పడుతుంది. వెడల్పు స్కీలో అది ఒకటిన్నర రెట్లు. మెత్తటి మంచులో పలకంతా మునిగి అడుగంతా ఆధారమవుతుంది కనుక ఈ బాధ ఉండదు. వెడల్పు స్కీ గట్టిమంచును అసలే పట్టదనడం కూడా అన్యాయమే: అంచు సరిగ్గా ఉంటే పడుతుంది, కాకపోతే కాలు ఎక్కువ కష్టపడుతుంది, ఒక అంచు నుంచి మరో అంచుకు మారడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది.

పక్కవంపు చేసే మేలు వేరు. వాల్చిన స్కీ మధ్యలో నొక్కుకుపోయి విల్లులా వంగితే అంచు తనంతట తానే మలుపు గీస్తుంది. మంచు గట్టిగా ఉన్నప్పుడు ఆ మలుపు వ్యాసార్ధం, స్కీ మీద రాసి ఉండే వ్యాసార్ధాన్ని వాల్చిన కోణపు కొసైన్‌తో గుణిస్తే వస్తుంది: 13 మీటర్ల స్కీని 60 డిగ్రీలు వాలిస్తే ఆరున్నర మీటర్లు. ఈ లోతైన పక్కవంపును 1990ల తొలినాళ్లలో స్లోవేనియాకు చెందిన ఎలాన్ సంస్థ ఎస్‌సీఎక్స్ అనే నమూనాతో జనంలోకి తెచ్చింది. పదేళ్లు తిరక్కుండానే పాతకాలపు నిలువు స్కీలు మూలకు చేరాయి.

అపోహ: టైటనల్ రేకు ఉన్న స్కీలో టైటానియం ఉంటుంది, స్కీ ఎంత బిరుసుగా ఉంటే అంత పట్టు.

టైటనల్ అన్నది ఒక ఆస్ట్రియా కంపెనీ తయారుచేసే మిశ్రమలోహం పేరు. అందులో ప్రధానంగా ఉండేది అల్యూమినియం, దానికి జింకు, మెగ్నీషియం, రాగి కలుపుతారు. స్కీలో లోహం కొత్తదీ కాదు, హోవార్డ్ హెడ్ 1950లోనే అల్యూమినియం రేకుల మధ్య చెక్క పెట్టి స్కీలు అమ్మాడు. బిరుసుతనం విషయంలో రెండింటిని విడదీసి చూడాలి. పొడవునా విల్లులా వంగడానికి ఎదురుతిరగడం ఒకటి, తడిగుడ్డను పిండినట్టు మెలిపడటానికి ఎదురుతిరగడం రెండోది. గట్టిమంచు మీద ముఖ్యం రెండోదే. ముక్కు మెలిపడి కోణం కోల్పోతే నడుము దగ్గర అంచు ఎంత బాగున్నా ముక్కు జారుతుంది, దాని వెనకే మిగతాదీ పోతుంది. మొదటి రకం బిరుసు మితిమీరితే తేలికపాటి మనిషి దాన్ని వంచలేడు, వంగని స్కీ మలుపు గీయదు. లోహపు రేకు, దాని పక్కన పెట్టే రబ్బరు పొర చేసే మరో మేలు అదురును మింగడం. గరుకు గట్టిమంచు మీద తేలిక స్కీ టకటకలాడుతూ అంచును మాటిమాటికీ గాలిలోకి లేపుతుంది, లేచిన అంచు దేన్నీ పట్టదు.

అపోహ: పొడుగు స్కీకే పట్టు ఎక్కువ.

ఐసులా గట్టిపడిన దారుల మీద చిన్న మలుపులతో సాగే స్లాలం పోటీలో ప్రపంచకప్ పురుషులకు కనీస పొడవు 165 సెంటీమీటర్లు, మహిళలకు 155. వేగమే ప్రధానమైన డౌన్‌హిల్ పోటీలో పురుషుల స్కీ 218 సెంటీమీటర్లు, వ్యాసార్ధం కనీసం 50 మీటర్లు. పొడవు తెచ్చేది వేగంలో నిలకడ. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో భారత్ తరఫున ఒక్కడే పాల్గొన్న కశ్మీరీ ఆటగాడు ఆరిఫ్ ఖాన్, పూర్తిగా కృత్రిమ మంచుతో తయారైన దారి మీద జెయింట్ స్లాలంలో 45వ స్థానంలో నిలిచాడు; స్లాలంకు, జెయింట్ స్లాలంకు అతను వాడవలసిన స్కీల పొడవులు, వంపులు నిబంధన ప్రకారమే వేర్వేరు.

ముక్కు దగ్గర ముందే పైకి లేపిన స్కీలు ఐసు మీద పనికిరావన్న మాట కూడా తరచు వినబడుతుంది. పలకను చదునుగా ఉంచి పోతున్నప్పుడు వాటి అంచు తక్కువ పొడవున తగులుతుందన్నంత వరకే అది సరి. వాల్చి వంచాక లేచిన భాగంలో కొంత మళ్లీ మంచుకు ఆనుతుంది.

అపోహ: రెండు స్కీలను వరసగా తొక్కి చూస్తే ఏది మేలో తేలిపోతుంది.

పల్నాటి పల్లెల్లో తిరునాళ్లకు జరిగే బండలాగుడు పోటీల న్యాయం ఇక్కడ గుర్తుచేసుకోదగ్గది. ఒంగోలు జాతి ఎడ్లను పళ్లను బట్టి విభాగాలు చేస్తారు, విభాగానికంతా ఒకే బరువు బండ, ఒకే బరి, అందరికీ ఒకే గడువు, ఆ గడువులో లాగిన దూరాన్ని అడుగుల్లో కొలిచి చెబుతారు. ఒక జతకు ఉదయపు తేమ నేల, మరో జతకు మిట్టమధ్యాహ్నపు దుమ్ము నేల ఇస్తే ఏ రైతూ ఊరుకోడు. స్కీలను పోల్చేవారు మాత్రం ఒకదాన్ని ఉదయం గట్టిగా ఉన్నప్పుడు, రెండోదాన్ని ఎండకు పైపొర మెత్తబడ్డాక తొక్కి, రెండోదే మేలని తేల్చేస్తారు. అంతకంటే పెద్ద పొరపాటు అంచులను సమం చేయకపోవడం. దుకాణం నుంచి అప్పుడే సానపట్టి తెచ్చిన మామూలు స్కీ, నెల రోజులుగా ముట్టుకోని పోటీ స్కీని గట్టిమంచు మీద ఓడించగలదు. ఆ గెలుపు ఆకురాయిదే తప్ప స్కీది కాదు. ఒకే మనిషి, ఒకే బూటు, ఒకే వాలు, ఒకే గంట, రెండింటికీ ఒకే కోణాల్లో ఒకే రోజు పెట్టిన సాన, ఇవన్నీ కుదిరినప్పుడే నడుము వెడల్పు గురించీ లోహపు రేకు గురించీ మాట్లాడటానికి అర్థం ఉంటుంది.

కర్రు మొద్దుబారితే కమ్మరి కొలిమికి తీసుకుపోవాలని తెలిసిన సేద్యగాళ్ల ఇళ్ల నుంచి వెళ్లిన పిల్లలకు అంచు సంరక్షణ కొత్త విద్యేమీ కాదు. సాయంత్రం స్కీలను తుడిచి ఆరబెట్టకపోతే ఒక్క రాత్రిలో ఉక్కు తుప్పుపడుతుంది. రాయికి కొట్టుకున్న చోట ఉక్కు మరింత గట్టిపడి ఆకురాయిని జారగొడుతుంది కాబట్టి అక్కడ ముందు వజ్రపు రజను అద్దిన సానరాయితో రుద్ది, తరువాతే ఆకురాయి పెట్టాలి. పెట్టాక అంచున మిగిలే, వేలికి గరుకుగా తగిలే సన్నటి ఉక్కు పొరను మళ్లీ సానరాయితో తీసేయాలి. పదును తేలిందో లేదో చూడటానికి ఏ పరికరమూ అక్కర్లేదు. బొటనవేలి గోటి వీపును అంచుకు అడ్డంగా ఆనించి మెల్లగా లాగితే, మొద్దు అంచు మీద గోరు ఊరికే జారిపోతుంది, పదునైన అంచు మీద సన్నటి తెల్లటి రజను రాలుతుంది. ముక్కు దగ్గర ఒకసారి, నడుము దగ్గర ఒకసారి, తోక దగ్గర ఒకసారి, రెండు స్కీల నాలుగు అంచులకూ అలా చూడాలి.