నాడు వంతపాట... నేడు విశ్వవిఖ్యాతి!

బ్యాండు అనగానే మనకు పెళ్ళి ఊరేగింపులో బాకాలు, డోళ్ళు గుర్తుకొస్తాయి. పాశ్చాత్యుల రాక్ బ్యాండు వేరు. గిటార్లు, డ్రమ్ములు, పియానో పెట్టుకుని నలుగురైదుగురు కలిసి హుషారుగా పాడతారు. అలాంటిదొకటి 1958 ప్రాంతంలో మహారాష్ట్రలోని సతారా జిల్లా పాంచ్‌గనిలో పుట్టింది. సెయింట్ పీటర్స్ పాఠశాల హాస్టలు పిల్లలు అయిదుగురు దాన్ని పెట్టారు. పేరు ‘ది హెక్టిక్స్’.

వారిలో పియానో వాయించే కుర్రాడు ఫారోఖ్ బుల్సారా. గుజరాత్ నుంచి వెళ్ళిన పార్సీల బిడ్డ. ఆఫ్రికా తూర్పు తీరాన ఉన్న జాంజిబార్ దీవిలో 1946 సెప్టెంబరు 5న పుట్టాడు. తండ్రి అక్కడ ఆంగ్లేయ ప్రభుత్వ కొలువులో క్యాషియరు. ఎనిమిదేళ్ళ పిల్లవాణ్ణి చదువుకోసం సముద్రం దాటించి ఇక్కడికి పంపారు. అమ్మానాన్నలకు అంత దూరంలో ఉన్న ఆ పిల్లవాడికి సంగీతమే తోడయింది. తోటివారు ‘ఫ్రెడ్డీ’ అని పిలిచేవారు.

బ్యాండులో ముఖ్య గాయకుడు బ్రూస్ మర్రే. డెరిక్ బ్రాంచ్ గిటారు, విక్టరీ రాణా డ్రమ్ములు వాయించేవారు. ఫరాంగ్ ఇరానీకి వాయిద్యం లేదు. టీ పొడి వచ్చే చెక్కపెట్టెకు కర్ర నిలబెట్టి, తాడు బిగించి, దాన్నే మీటేవాడు. ఫ్రెడ్డీది పియానో, వంతపాట. బడి వేడుకల్లో వాయించడమే తప్ప వీరు ఒక్క రికార్డు కూడా ఇవ్వలేదు. చదువులు ముగిశాక ఎవరిదారి వారిది.

1964లో జాంజిబార్‌లో తిరుగుబాటు చెలరేగింది. బుల్సారా కుటుంబం ఇంగ్లండు చేరింది. అక్కడ 1970లో ఏర్పడిన ‘క్వీన్’ బ్యాండుకు ఈ వంతపాట కుర్రాడే ప్రధాన గాయకుడయ్యాడు. పేరు ఫ్రెడ్డీ మెర్క్యురీగా మార్చుకున్నాడు. 1975లో వచ్చిన ‘బొహీమియన్ రాప్సొడీ’ పాట ప్రపంచమంతా మారుమోగింది. 1985 జులై 13న ఇథియోపియా కరవు బాధితుల కోసం లండన్ వెంబ్లీ మైదానంలో కచేరీ జరిగింది. సుమారు 72 వేలమంది ముందు ఆయన మొదట కూర్చున్నది పియానో దగ్గరే. 1991 నవంబరు 24న ఎయిడ్స్ వ్యాధితో, 45వ ఏట కన్నుమూశాడు.

మిగతావారూ తక్కువవారు కారు. బ్రాంచ్ బ్రిటన్‌లో నటుడయ్యాడు. రాణా నేపాల్ సైన్యంలో జనరల్ స్థాయికి ఎదిగి, సైప్రస్‌లో ఐక్యరాజ్యసమితి శాంతి దళానికి నాయకత్వం వహించాడు. అయినా ‘హెక్టిక్స్’ పేరు నిలిచింది మాత్రం ఫ్రెడ్డీ వల్లనే.

మన ఊరి బడి వార్షికోత్సవంలో వెనక వరుసలో నిలబడి వంత పాడే పిల్లలూ ఉంటారు. వారి పాట కూడా కాస్త చెవియొగ్గి వినడం మంచిది.