కంకర బాటపై సైకిలు

అండమాను దీవుల ముఖ్యపట్టణమైన శ్రీవిజయపురమునకు 2024 వరకు పోర్ట్ బ్లెయిర్ అను పేరుండెను. ఆ పట్టణమునకు దక్షిణముగా సుమారు 25 కిలోమీటర్ల దూరమున చిడియాటాపు కలదు. కొండలను, సముద్రమును ఒరసికొని పోవు ఈ దారినుండి తోటలకు, తీరమునకు కంకర బాటలు చీలును. సైకిలు త్రొక్కువారికి ఇది చక్కని వ్యాయామశాల.

పెద్దలు వారమునకు కనీసము 150 నిమిషములు ఒక మోస్తరు శ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించుచున్నది. దినమునకు అరగంట చొప్పున వారమున అయిదు దినములు సైకిలు త్రొక్కినచో ఆ లెక్క తీరును. గుండెకు బలము చేకూరును. రక్తపు పోటు, మధుమేహము అదుపులో నుండుటకు తోడ్పడును.

అయితే జాగ్రత్త అవసరము. దీవుల గాలిలో తేమ హెచ్చు. చెమట త్వరగా ఆరదు, ఒంటి వేడి తగ్గదు. కావున తెల్లవారగనే బయలుదేరి, ఎండ ముదరకమునుపే తిరిగి రావలెను. దప్పిక కాకమునుపే నీరు త్రాగవలెను. తల తిరిగినను, ఓకరింత కలిగినను వెంటనే నీడన ఆగవలెను. డిసెంబరులో సాయంత్రము అయిదు గంటలకే ప్రొద్దు క్రుంకును. దీపము లేనిదే ఆ వేళ పోరాదు.

కంకరపై ముందు బ్రేకును ఒక్కసారిగా నొక్కరాదు, చక్రము జారును. మలుపునకు ముందే వేగము తగ్గించవలెను. శిరస్త్రాణము తప్పనిసరి. గాయమైనచో సబ్బుతో, శుభ్రమైన నీటితో కడిగి, ధనుర్వాతపు టీకా విషయమై వైద్యుని సంప్రదించవలెను. ఉప్పుటేళ్ళలో దిగి కాళ్ళు కడుగుకొనరాదు, అందు మొసళ్ళుండును.

నికోబారు యువకుడు ఈసో ఆల్బెన్ 2018లో జూనియర్ ప్రపంచ సైకిలు పోటీలలో రజత పతకము గెలిచెను. పతకములు కొందరికే దక్కును. ఆరోగ్యము, క్రమము తప్పక త్రొక్కువారందరికిని దక్కును.