ఐఎస్‌బీఎన్ చెప్పని సంగతి

సిద్ధాంత వ్యాసం రాసే విద్యార్థికి ఉపయుక్త గ్రంథసూచి తయారుచేయడం ఒకప్పుడు పెద్ద చాకిరీ. జొటెరో, మెండెలీ, ఎండ్‌నోట్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఆ చాకిరీని చాలావరకు తీసేశాయి. జొటెరోలో పుస్తకం వెనక అట్ట మీది ఐఎస్‌బీఎన్ అనే గుర్తింపు నంబరు కొడితే చాలు, గ్రంథాలయాల కేటలాగుల్లోంచి రచయిత, శీర్షిక, ప్రచురణకర్త, సంవత్సరం వచ్చి వాటి వాటి గడుల్లో పడతాయి. చిక్కు కూడా ఇక్కడే మొదలవుతుంది. ఆ నంబరు అంగట్లోని సరుకు ఏదో చెబుతుంది గానీ లోపల ఏ పాఠం ఉందో చెప్పదు. అది పుస్తకం చేతిలో ఉన్న మనిషే తేల్చాలి.

ఆ నంబరు పుట్టింది వ్యాపారం కోసం. 1960లలో బ్రిటన్‌లో డబ్ల్యూ. హెచ్. స్మిత్ అనే పుస్తక వ్యాపార సంస్థ తన నిల్వల లెక్కలను కంప్యూటర్ల మీదికి మార్చుకునే పనిలో ఉన్నప్పుడు, గోర్డన్ ఫోస్టర్ అనే గణాంక శాస్త్రవేత్త 9 అంకెల పద్ధతిని రూపొందించాడు. 1970లో అది 10 అంకెల అంతర్జాతీయ ప్రమాణమైంది. 2007 జనవరి నుంచి 13 అంకెలు. లోపల అక్షరం తేడా లేకపోయినా గట్టి అట్ట ప్రతికి ఒక నంబరు, పేపర్‌బ్యాక్‌కి ఇంకొకటి, ఈ-బుక్‌కి మరొకటి. మార్పుల్లేని పునర్ముద్రణలు ఎన్ని వచ్చినా పాత నంబరే. పుస్తకాల దుకాణానికి సరిగ్గా కావలసిన ఏర్పాటు ఇది.

పరిశోధకుడికి కావలసింది వేరు. సి. పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లిషు నిఘంటువునే తీసుకోండి. మొదటి కూర్పు 1850ల తొలినాళ్ళలో మద్రాసులో వచ్చింది. ఎం. వెంకటరత్నం, డబ్ల్యూ. హెచ్. కాంప్‌బెల్, కందుకూరి వీరేశలింగం సవరించి పెంచిన కొత్త కూర్పు 1903 నాటిది. ఢిల్లీలోని ఏషియన్ ఎడ్యుకేషనల్ సర్వీసెస్ చాలాకాలం తర్వాత ఈ 1903 కూర్పునే పునర్ముద్రించింది. ఐఎస్‌బీఎన్ ఉన్నది వీటిలో ఈ పునర్ముద్రణకే. దాన్ని సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చి ఊరుకుంటే, 1884లో పోయిన బ్రౌన్ దాదాపు వందేళ్ళ తర్వాత నిఘంటువు రాసినట్టు గ్రంథసూచిలో అచ్చవుతుంది. ఈ తప్పు చూసి నవ్వుకుని దిద్దుకోవచ్చు. అసలు ప్రమాదం, ‘బ్రౌన్ అంటే 1852 కదా’ అని సంవత్సరం గడిలో ఆ ఏడాది వేసేయడంలో ఉంది. అప్పుడు 1903లో సవరణకర్తలు చేర్చిన అర్థం కూడా బ్రౌన్ చెప్పినట్టే లెక్క. ఒక మాటకు ఫలానా అర్థం ఎప్పటినుంచి ఉందని వెతికేవాడు అక్కడే అర్ధ శతాబ్దం దారి తప్పుతాడు.

డార్విన్ విషయంలోనూ ఇంతే. ‘ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్’ 1859 నుంచి 1872 దాకా ఆరు కూర్పులు చూసింది, ప్రతిసారీ ఆయన దిద్దాడు. ‘సమర్థులదే మనుగడ’ అన్న హెర్బర్ట్ స్పెన్సర్ మాట ఆ పుస్తకంలోకి 1869 నాటి ఐదో కూర్పులోనే వచ్చింది. విమర్శలకు జవాబుగా ఒక అధ్యాయం మొత్తం ఆరో కూర్పులో చేరింది. ఇవాళ దొరికే పేపర్‌బ్యాకుల్లో కొన్ని మొదటి పాఠాన్ని, కొన్ని ఆరో పాఠాన్ని అచ్చువేస్తాయి. ఏది దేన్ని వేసిందో తెలియాలంటే ముందుమాట చదవాలి, నంబరు చూస్తే తెలియదు.

కూర్పు ఏదైతేనేం, పేజీ నంబర్ల కాలం పోయింది, వాక్యాన్ని ఇంటర్నెట్‌లో వెతికితే దొరుకుతుంది కదా అంటారు కొందరు. ఇంగ్లిషు పుస్తకాలకు ఆ మాట కొంతవరకు చెల్లుతుంది. పాత తెలుగు పుస్తకాలు నెట్‌లో ఎక్కువగా పేజీల ఫొటోలుగానే ఉన్నాయి. వాటిలో వాక్యం వెతకాలంటే పేజీ నంబరే దిక్కు, ఆ నంబరు కూర్పుని బట్టి మారుతుంది. ఇదంతా సాఫ్ట్‌వేరే చూసుకోవాలన్న వాదన ఇంకొంచెం బలమైనది. గ్రంథాలయాల అంతర్జాతీయ సమాఖ్య ఇఫ్లా 1998లోనే రచన, దాని పాఠరూపం, ఆ పాఠం ప్రచురణ, చేతిలోని ప్రతి అని నాలుగు అంతస్తులు విడదీసి చూపించింది. సాఫ్ట్‌వేర్లు మాత్రం పుస్తకానికి ఒకే చీటీ రాస్తాయి. నా మటుకు అది పెద్ద లోపం కాదు. ఉటంకించేది ఎప్పుడూ చేతిలో ఉన్న ఒక్క ప్రచురణనే. ఆ చీటీ నిజం చెబితే చాలు.

నిజం చెప్పించడం కష్టం కూడా కాదు. సంవత్సరం గడిలో చేతిలో ఉన్న ప్రచురణ తేదీ ఉండాలి. జొటెరోలో అసలు తేదీకి వేరే గడి లేదు. ‘ఎక్స్‌ట్రా’ గడిలో ‘ఒరిజినల్ డేట్’ అని ఇంగ్లిషులో రాసి, పక్కన (బ్రౌన్ నిఘంటువుకైతే) 1903 వేస్తే, ఏపీఏ వంటి ఉటంకింపు శైలులు రెండు సంవత్సరాలనూ గీత పెట్టి చూపిస్తాయి. కూర్పు గడిలో ఉత్త అంకె వేయాలి. దాని పక్కన రావలసిన మాటల్ని శైలే చేరుస్తుంది. కేటలాగు నుంచి గట్టి అట్ట, పేపర్‌బ్యాక్ నంబర్లు రెండూ కలిసి వస్తే మన ప్రతిది ఉంచి రెండోది తీసేయాలి. ఒకే శీర్షిక రెండుసార్లు ఉందని సాఫ్ట్‌వేర్ హెచ్చరించినప్పుడు, రెండు వేర్వేరు కూర్పులైతే కలపకూడదు. 1970కి ముందు అచ్చయిన ప్రతులకు, తర్వాత వచ్చిన ఎన్నో చిన్న ప్రచురణలకు ఐఎస్‌బీఎన్ ఉండదు. వాటికి ముఖపత్రం వెనక పేజీ చూసి వివరాలు చేత్తో ఎక్కించుకోవడమే. చూసింది స్కాన్ ప్రతి అయితే దాని లింకు కూడా.