వంతుల లెక్కలో అమ్మకు దక్కని పూట

రాజోలు, (మా విలేఖరి): ముసలి తల్లిని కొడుకులు నెలకొకరు చొప్పున వంతులు వేసుకుని చూడటం మన పల్లెల్లో కొత్త కాదు. ఒకటో తారీఖున గుడ్డల సంచీతో, మందుల డబ్బాతో పెద్దవాడి ఇంటి నుంచి చిన్నవాడి ఇంటికి చేరే అమ్మలను ఏ ఊళ్ళోనైనా చూడవచ్చు. కాలూ చేయీ ఆడినంత కాలం ఎలాగో గడిచిపోతుంది. మతిమరుపు ముదిరాకే అసలు చిక్కు.

ఈ ప్రాంతంలోని ఒక గ్రామంలో ఎనభై దాటిన ఒక తల్లి ఇల్లు మారిన ప్రతిసారీ అర్ధరాత్రి లేచి, తన ఇంటికి పోతానంటూ తలుపు గడియ తీసేది. పెరటి గుమ్మం ఎటో తెలియక రెండుసార్లు పడింది. చివరకు అన్నదమ్ములు కూర్చుని మాట్లాడుకున్నారు. అమ్మ చిన్నవాడి ఇంట్లోనే ఉంటుంది. వంతు వచ్చినప్పుడు పెద్దాయనే వచ్చి రాత్రిళ్ళు ఆమె పక్కన పడుకుంటున్నాడు. మంచం, గుమ్మం, దీపం మారకపోవడంతో ఆమెకు కాస్త నిమ్మళం చిక్కింది.

ఎప్పుడో కన్నుమూసిన భర్త పొలం నుంచి వచ్చాడా అని ఇలాంటి తల్లులు అడుగుతుంటారు. పోయాడని చెబితే ప్రతిసారీ అది కొత్త చావు కబురే. ఆయన సంగతులు చెప్పమ్మా అంటే చాలు, ఆ ముఖం విచ్చుకుంటుంది. నిరుడు ఎలా ఉండేది, వచ్చే ఏడు ఏమవుతుంది అని బేరీజు వేసుకుంటే చూసేవారికి దిగులే మిగులుతుంది. ఈ పూట నాలుగు ముద్దలు తిన్నదా, కంటినిండా నిద్రపోయిందా అన్నదే చూసుకోవాలి.

మంచం పట్టినవారిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. లేకుంటే ఒరుపు పుండ్లు పడతాయి. జావైనా సరే, లేపి కూర్చోబెట్టే పట్టాలి. ఒకటి రెండు రోజుల్లో హఠాత్తుగా మతి తప్పితే వయసు మీదకు నెట్టేయరాదు. మూత్రంలో ఇన్‌ఫెక్షనో, ఒంట్లో నీరు తగ్గడమో కావచ్చు. వెంటనే డాక్టరుకు చూపించాలి.

ఈ చాకిరీ అంతా చాలా ఇళ్ళలో కోడలొక్కతే మోస్తోంది. వారానికి ఒక పూటైనా ఆమెకు విశ్రాంతి ఇవ్వవలసిన బాధ్యత కొడుకులదీ, కూతుళ్ళదీ. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కూడా ఇద్దరినీ బాధ్యులనే అంటోంది. నిరాదరణకు గురైనవారు ఆర్డీవో వద్ద ఉండే ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. 14567 నంబరుకు ఫోన్ చేస్తే సలహా చెబుతారు.

అయితే చట్టం పోషణ ఖర్చు ఇప్పించగలదు గానీ పక్కన కూర్చునే మనిషిని ఇప్పించలేదు. కోతలు కానీ, పెళ్ళి కానీ, ఆ తర్వాత అమ్మ దగ్గర తీరిగ్గా కూర్చుంటాం అనుకునేవారే ఎక్కువ. పోయాక దినవారాలు ఘనంగా చేసేవారికి మన ఊళ్ళలో కొదవ లేదు. ఉండగా ఒక పూట చేయి పట్టుకుని కూర్చునేవారే కావాలి.